చచ్చినా వదలని పోర్ట్

"ఏజెంట్ సెవెన్, మిలిటరీ బస్సు జహీరాబాద్ దాటింది. పోర్ట్ మన చేతికి వచ్చిందా?"

చొక్కా గుండీలోని స్పీకర్‌లో చీఫ్ చంద్రశేఖర్ గొంతు. ఇన్వర్టర్ మెకానిక్ వేషంలో ఉన్న రేవణసిద్ధప్ప కీబోర్డు మీదికి వంగాడు. చిరాగ్‌పల్లి ధాబా వెనక గదిలో విదేశీ ముఠా దాచిన కంప్యూటర్ అతని ఎదుట ఉంది. సరిహద్దు అవతలి నుంచి సిగ్నల్ రాగానే అందులోని ప్రోగ్రామ్ హైవే కల్వర్టు కింది బాంబును పేలుస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను సిద్ధప్ప చంపేశాడు. దాని పోర్టులో, అంటే సిగ్నల్ వచ్చి చేరే ద్వారంలో, మన ప్రోగ్రామ్‌ను కూర్చోబెడితే సిగ్నల్ మనకే చిక్కుతుంది, ముఠా గుట్టు రట్టవుతుంది. ప్లాన్ అయితే బ్రహ్మాండం!

కూర్చుంటే కదా! 'అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్'. అంటే పోర్టు ఇంకా ఖాళీ కాలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే ఎర్రర్.

"ప్రోగ్రామ్ సచ్చింది గానీ సార్, దాని పాత కనెక్షన్ పోర్టును ఇడుస్తలేదు."

"మామూలే. లైనక్స్‌లో ఒక్క నిమిషం ఆగితే వదిలేస్తుంది."

"ఇది లైనక్స్ కాదు సార్, పాత సొలారిస్ సిస్టమ్. నాలుగు నిమిషాలు పడ్తది."

"రీయూజ్ ఆప్షన్ పెట్టలేదా?"

సిద్ధప్ప నాలుక కరుచుకున్నాడు. పోర్టును వెంటనే ఇప్పించే ఒకే ఒక్క లైను. రాయలేదు. ఇప్పుడు రాద్దామన్నా దాన్ని ప్రోగ్రామ్‌లో కలిపే కంపైలర్ ఈ మెషిన్‌లో లేదు.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, వెనకే పిస్తోలు. శ్వేత! ఆరు నెలలుగా డిపార్ట్‌మెంట్‌లో అతని పక్క సీటులో పనిచేస్తున్న అందగత్తె.

"నువ్వా!"

"జర పక్కకు జరుగు సిద్ధప్పా. చేతులు పైకి."

పిస్తోలు అతని మీదే ఉంచి, రెండో చేత్తో తాను ముఠాకు రాసిచ్చిన ప్రోగ్రామ్‌ను మళ్లీ స్టార్ట్ చేసింది. కిటికీలోంచి ఆకుపచ్చ బస్సు కనిపిస్తోంది. అందులో నలభై మంది జవాన్లు! సిద్ధప్ప చేతులు పైకెత్తుకుని అటే చూశాడు. అయ్యో దేవుడా, కళ్లప్పగించి చూడటం తప్ప తనేం చేయగలడు?

శ్వేత ఎంటర్ కొట్టింది. 'అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్'. మళ్లీ కొట్టింది. కంప్యూటర్ కదలదు, మెదలదు.

"ఏం చేసినవ్ దీన్ని? బాగ చెయ్! లేకుంటే కాలుస్త!"

"నాకొస్తే నాది నేను బాగ చేసుకోకపోదునా తల్లీ!"

ఆమె మళ్లీ కీబోర్డు మీద పడింది. బస్సు కల్వర్టు ఎక్కింది, దిగింది, హాయిగా బీదర్ వైపు సాగిపోయింది. ధాబాలో మఫ్టీలో ఉన్న మనవాళ్లు అప్పుడు ఊడిపడి ఆమెకు బేడీలు వేశారు.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఎట్లా ఆపావయ్యా?"

"నేనేడ ఆపిన సార్! ఆఫీసుల పోర్ట్ ఇరికినప్పుడల్లా ఇద్దరం చాయ్‌కి పోయెటోళ్లం. వచ్చేసరికి అదే ఇడిసిపెడుతుండె. గా లైన్ రాసుడు నేనూ నేర్వలే, ఆమె గూడ నేర్వలే."