రాళ్ళగుంతలో ‘బా’

బెంగళూరు శివార్లలో చందాపుర దాటినాక ఉండే ఆ పాత క్వారీకి పగలు ఎంత మంచి పేరో, పొద్దు కుంకితే అంత చెడ్డ పేరు. పగలు ఆకుపచ్చ నీళ్ళు, చల్లగాలి, ఫోటోలు. చీకటి పడిందా, గుంత అడుగు నుంచి ఎవరో పిలుస్తారట— "బా... బా..."

బా అంటే కన్నడంలో రమ్మని. ఆ పిలుపు విని దిగినవాడు ఎక్కి రాడని అక్కడ చిన్నపిల్లకి కూడా తెలుసు.

మా బొమ్మనహళ్ళి వాళ్ళకి తెలియదు. సెలవు దొరికితే మాకు ఊటీలా, కొడైకెనాళ్ళా? లాల్‌బాగ్‌కే పోయి పోయి అక్కడి చెట్లు మమ్మల్ని గుర్తుపట్టే స్థితికొచ్చాం. అందుకే మొన్న ఆయుధపూజ సెలవుకు మా పక్కింటి వనజ చిత్రాన్నం కట్టుకుని, మొగుడు సుంకన్నతో, తమ్ముడు శ్రీనుతో ఆ క్వారీ చూడటానికి పోయింది. ఆదోని నుంచి వచ్చి సెంట్రింగ్ పని చేసుకునే బావాబామ్మర్దులు వాళ్ళు. ఇదంతా వనజ నోటి నుంచి నేను విన్నదే.

చూడాల్సినవన్నీ చూశారు. ఇంటికి బయల్దేరేసరికి శ్రీను కనిపించలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. పిలిచీ వెతికీ చీకటైంది.

గట్టు మీద మరమరాలు కలిపి చురుమురి అమ్మే అంజినమ్మ బుట్ట సర్దుకుంటోంది. ఆమెది కన్నడ ఇల్లు, మనవాళ్ళతో వచ్చీరాని తెలుగు. "ముందే బస్టాండుకి పోయుంటాడప్పా. మీరూ పోండి... చీకట్లో ఈడ ఉండకూడదు" అంది.

అప్పుడే వినబడింది.

"బా..."

సన్నగా, నీరసంగా... గుంత గోడలకు తగిలి రెండు మూడు గొంతులై పైకొచ్చింది.

"తిరిగి చూడొద్దు!" అంజినమ్మ బుట్ట అక్కడే వదిలేసింది. ముగ్గురూ నడక అందుకున్నారు. ఎత్తైన సెంట్రింగ్ కర్రల మీద కోతిలా తిరిగే సుంకన్నకు ఆ చల్లగాలిలోనూ చెమటకు చొక్కా తడిసిపోయింది.

"బా... బా..."

వనజ ఆగిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది.

"ఏమయ్యా... మా శ్రీనుగాడు నిన్ను ఏమని పిలుస్తాడు?"

బావా అని నిండుగా పిలిచే ఓపిక మా సీమలో ఎవరికుంది? ఏం బా, తింటివా బా, ఇట్ల రా బా— అంతే.

అంజినమ్మ తన చొక్కా పట్టి లాగుతున్నా వినకుండా సుంకన్న దిగిపోయాడు. వనజ అంచున కూలబడింది. తమ్ముడి కోసం మొగుణ్ణి కూడా పోగొట్టుకుంటున్నానా అనుకుంది. పిలుపు ఆగిపోయింది. రాళ్ళు జారిన చప్పుడు... తర్వాత అదీ లేదు.

చివరికి కింద నుంచి కేక వచ్చింది. "ఉండాడే! కాలు ఇరిగింది... పానం ఉండాది!"

శ్రీనును భుజాన వేసుకుని ఎక్కి వచ్చాడు సుంకన్న. వనజ ఏడుస్తూనే నవ్వింది.

"దెయ్యం కాదక్కా, మా తమ్ముడు! మా పక్క బావను బా అంటాం."

అంజినమ్మ నవ్వలేదు. నేల మీద చతికిలబడింది.

"క్వారీ నడిచేటప్పుడు... ఈడ మీ పక్క కూలోళ్ళే ఉండిరి" అంది మెల్లగా. "ఒక రాత్రి మొదలాయె ఈ పిలుపు. దెయ్యం రమ్మంటాంది అని మేమంతా తలుపులు వేసుకొంటిమి. తెల్లారేదాకా పిలిచె తల్లీ... పిలిచి, పిలిచి..."

ఆమె మాట ముగియలేదు.

"బా..."

కింద నుంచే.

శ్రీను తల బావ భుజం మీద వాలి ఉంది. పెదాలు కదల్లేదు.

వనజ మొగుడి చొక్కా గట్టిగా పట్టుకుంది. సుంకన్న ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాడు. బామ్మర్దిని జాగ్రత్తగా ఆమె ఒళ్ళో దించి, గుంత వైపు తిరిగాడు.

"ఉండప్పా..." అన్నాడు. "వస్తాండా."