బావి దాకా నడిచే హక్కు

వెస్ట్ హార్లో ఊళ్ళో టప్పర్ వారి పాత ఇంటి పేరు చీకటి పడ్డాక ఎవరూ ఎత్తరు. పగలు ఎత్తినా గొంతు తగ్గించే ఎత్తుతారు. ఈ కథ చెప్పేవాడైతే పట్టపగలు కూడా ఆ ఇంటి ముందు సైకిలు దిగడు, చెయిను ఊడినా సరే.

రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆ ఇంటి తూర్పు గది తలుపు కిర్రుమంటుంది. అడుగులు... మెల్లగా, తొందర లేకుండా... వంటింటి గుండా పోతాయి. వెనక తలుపు గడియ లేస్తుంది. బావి గిలక మూలుగుతుంది. కాసేపాగి అవే అడుగులు వెనక్కి — ఈసారి కాస్త బరువుగా.

అంతే. అరుపు లేదు, ఏడుపు లేదు, నవ్వు లేదు. దెయ్యానికి ఉండాల్సిన కనీసపు ముచ్చట ఒక్కటీ లేదు. అదే జనాన్ని ఎక్కువ భయపెట్టింది.

పదేళ్ళలో మూడుసార్లు అద్దెకు దిగారు. పళ్ళ డాక్టరు ఎనిమిది రాత్రులున్నాడు. కొత్తగా పెళ్ళైన జంట మూడు రాత్రులుండి, వేరువేరు బస్సుల్లో వెళ్ళిపోయారు. మూడోసారి దిగింది చర్చి పాస్టరు. ఆయన ఎంతసేపున్నాడో ఊళ్ళో ఎవరూ చెప్పరు... ఆయన మీదున్న గౌరవం కొద్దీ.

అలాంటి ఇంట్లోకి అక్టోబరులో ఒక శనివారం రాత్రి, చేతిలో టార్చిలైటు, సంచిలో కాఫీ ఫ్లాస్కు, చంకలో లావుపాటి ఫైలుతో లొవైనా పెక్ ఒక్కతే వెళ్ళింది.

ధైర్యవంతురాలై కాదు. సోమవారం మీటింగు ఉండి.

లొవైనాకి యాభై ఎనిమిదేళ్ళు. స్కూలు లైబ్రరీలో ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు, తీరికా లేదు. పద్నాలుగేళ్ళుగా ప్రతి శనివారం జిల్లా కోర్టు అడుగు అంతస్తులో కూర్చుని, ఎప్పుడో పోయినవాళ్ళ వీలునామాలు చదువుతోంది. సొంత చెల్లెలి పుట్టినరోజు గుర్తుండదు గాని, పదిహేడువందల పన్నెండులో ఎవడి ఆవు ఎవరికి వెళ్ళిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ఇదంతా ఎందుకంటే — ఊళ్ళో 'తొలి కుటుంబాల పుత్రికల సమాజం' అని ఒకటుంది. ఇంగ్లండు రాజుల కాలంలో ఈ ఊరు కట్టినవాళ్ళ రక్తం తమలో ఉందని రుజువు చూపించిన ఆడవాళ్ళకే అందులో కుర్చీ. లొవైనా తల్లి హానా ముప్పై ఏళ్ళపాటు ఆ సమాజం టీ పార్టీలకి యాపిల్ 'పై' కాల్చి పంపింది. ఒక్కనాడూ కూర్చోమన్నవాళ్ళు లేరు. "మేమూ మెర్సీ టప్పర్ వంశం పిల్లలమే" అని ఎప్పుడైనా అంటే, ఆ ఆడవాళ్ళు నవ్వి, "యాపిల్ పై బాగుంది హానా" అనేవారు. పోయిన చలికాలం పోతూ పోతూ ఆవిడ కూతురితో అన్న మాట ఒక్కటే: "కాగితం మీద పెట్టించవే."

లొవైనా రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ తిరగ్గొట్టారు. మూడోసారి తిరగ్గొడితే మళ్ళీ పెట్టకూడదని రూలు. ఆ మూడోసారి ఈ సోమవారమే.

చిక్కంతా ఊరు కట్టినవాళ్ళలో ఒకడైన కెప్టెన్ జేరెడ్ టప్పర్ వీలునామాలో ఉంది. లొవైనా దాన్ని స్వయంగా కాపీ చేసుకుంది:

"నా భార్య థాంక్‌ఫుల్‌కు, ఆమె నా విధవగా ఉన్నంతకాలము, తూర్పు గది, నేలమాళిగలో సగము, ఒక ఆవు, మరియు వంటింటి గుండా బావి దాకా పోవుటకు, వచ్చుటకు హక్కు. తక్కిన ఇల్లు వంటింటితో సహా నా కొడుకు నేథన్‌కు. మెర్సీకి ఒక గొర్రె."

ఆ రోజుల్లో మొగుళ్ళు అలాగే రాసేవారు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఇల్లంతా ఆవిడే తుడిచేది. ఆయన పోయిన మర్నాటినుంచి అదే వంటింట్లోంచి నీళ్ళకి వెళ్ళాలంటే కాగితం కావాలి.

సరే, ఆవిడ బాధ ఆవిడది. లొవైనా బాధ ఆఖరి ముక్క. మెర్సీకి ఒక గొర్రె. 'నా కూతురు మెర్సీకి' అని ఒక్క మాట రాస్తే ఆ కెప్టెన్ సిరా ఏం పోయేది? ఊరి జననాల పుస్తకంలో చూద్దామంటే ఆ ఏడాది పేజీలు ఎలుకలు తినేశాయి.

రెండోసారి తిరగ్గొట్టినప్పుడు సమాజం అధ్యక్షురాలు మిసెస్ యూజీనియా వాడమ్స్ ఆ కాపీని వేలి కొసతో వెనక్కి తోసింది.

"మిస్ పెక్, గొర్రె బంధుత్వం కాదండీ."

"మీ దరఖాస్తులో ఉన్నదీ ఈ మెర్సీయే కదండీ, మిసెస్ వాడమ్స్?"

"నాది మా నాయనమ్మ మాట మీద ఒప్పుకున్నారు. అప్పట్లో మాటకి విలువుండేది. రుజువు చూపాలన్న రూలు నేనొచ్చాక పెట్టాను."

ఈ శుక్రవారం సాయంత్రం, ఏడవలేక, లొవైనా ఆ వీలునామాని మరోసారి శుభ్రంగా తిరగరాస్తోంది. తూర్పు గది... వంటిల్లు... బావి... పోవుటకు, వచ్చుటకు...

కలం ఆగింది.

దెయ్యం నడిచే దారి అదే! గజం అటు పోదు, గజం ఇటు పోదు. పడమటి గదిలోకి తొంగి చూడదు, మేడ మెట్లెక్కదు. రెండువందల ఏళ్ళుగా ఊరంతా పారిపోతున్నది పాపం ఏ పిశాచాన్ని చూసో కాదు — మొగుడు రాసిచ్చిన హక్కుని చక్కగా, హద్దు మీరకుండా వాడుకుంటున్న ఒక విధవరాలిని చూసి!

ఇంకొకరైతే అక్కడితో దుప్పటి ముసుగు పెట్టేవారు. లొవైనా బుర్ర కోర్టు అడుగు అంతస్తులో పెరిగింది. ఆవిడకి తట్టింది వేరు: మెర్సీ తండ్రెవరో తెలిసిన సాక్షి ఒకతి ఇంకా ఊళ్ళోనే ఉంది. రాత్రి తొమ్మిదింటికి దొరుకుతుంది.

అదీ సంగతి.

శనివారం వంటింట్లో, చల్లబడిపోయిన పెద్ద పొయ్యి పక్కన, ముక్కాలి పీట మీద కూర్చుంది. టార్చి ఆర్పేసింది — సాక్షిని బెదరగొట్టడం పద్ధతి కాదని. ఒళ్ళో ఫారం. కాఫీ తాగుదామని మూత తిప్పితే చీకట్లో సగం ఒలికింది.

ఎనిమిదిన్నర... ముప్పావు...

గాలి ఆగిపోయింది. ఎక్కడో చెక్క ఒకటి టక్కుమంది.

కిర్ర్...

తూర్పు గది తలుపు.

అడుగు. ఇంకో అడుగు. నేల చెక్కలు ఒక్కొక్కటే కుంగి లేస్తున్నాయి. చీకట్లో ఇంకా నల్లగా ఏదో కదిలింది... వంగి ఉంది... చేతిలో ఏదో వేలాడుతోంది...

లొవైనా లేవబోయింది. మళ్ళీ పీట మీదే కూర్చుంది. గొంతులోంచి గుసగుసగా వచ్చింది:

"థాంక్‌ఫుల్ గారూ... క్షమించాలి. ఒక్కటే ప్రశ్న."

అడుగులు ఆగాయి.

"మెర్సీ... మెర్సీ తండ్రెవరండీ?"

వేలు దానంతటదే టార్చి మీట నొక్కింది.

"ముందు ఆ లైటు నా కళ్ళలోంచి తియ్యి," అంది ఆకారం. "తరవాత అడుగు."

వెనకింటి ఆల్మైరా గోఫ్! గుడ్లమ్ముకునే ముసలావిడ. ఎనభై నాలుగేళ్ళు. తలకి ఊలు గుడ్డ, కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతిలో బకెట్.

"మిసెస్ గోఫ్! మీరా... దెయ్యం మీరా?"

"ఎవరే దెయ్యం? నీళ్ళకొచ్చాను."

"మీ ఇంట్లో కుళాయి ఉంది కదండీ!"

"ఉంది. దాంట్లో నీళ్ళొస్తాయి. హక్కు రాదుగా." బకెట్ కింద పెట్టింది. "మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది. తూర్పు గది బయటి తలుపులోంచి వచ్చి, ఈ దారిన రోజూ ఒకసారైనా నీళ్ళు తేవాలి. మానేస్తే నేథన్ తలుపు మూసేస్తాడు."

"నేథన్ పోయి రెండువందల ఏళ్ళయిందండీ."

"నేను మానలేదు కాబట్టే మూయలేదు."



"మరి రాత్రిపూటే ఎందుకు?"

"పగలొస్తే ఊరు చూస్తుంది, ఇంటివాడికి చెబుతుంది, వాడు లాయర్ని పంపుతాడు. రాత్రొస్తే అందరూ వాళ్ళంతట వాళ్ళే పోతారు. మా అమ్మమ్మ పెట్టిన పద్ధతి. మంచి పద్ధతి."

"పాస్టరు గారు కూడా...?"

"ఆయనకి మర్యాదగా గుడీవినింగ్ చెప్పాను. అప్పుడే పరిగెత్తాడు."

ఆల్మైరా ఇంటి వంటింట్లో, వేడి యాపిల్ రసం ముందు పెట్టుకుని, ఒక దిండు గలీబులోంచి తీసిన కాగితాలు లొవైనా చదివింది. ఏ కోర్టుకీ చేరని కాగితాలు. మొదటిది థాంక్‌ఫుల్ సొంత వీలునామా. వంటింటి గుండా బావి దాకా నడిచే తన హక్కుని ఆవిడ కూతురికి రాసేసింది — "ఆపైన దాని సంతతికి, ఎన్నటికిని."

నిజానికి ఆ హక్కు ఆవిడ ప్రాణంతోనే పోవాలి. మొగుడు రాసిచ్చింది ఆవిడ బతికున్నన్నాళ్ళకే. ఇంకొకరికి ఇవ్వడానికి ఆవిడకేమీ లేదు. రెండువందల ఏళ్ళుగా ఒక వంశం ఆడవాళ్ళు మంచులో, వానలో, కడుపులతో, బాలింతలై, లేని హక్కుని కాపాడుతూ వచ్చారు. ఆ మాట చెబుదామని లొవైనా నోరు తెరిచింది. ఆల్మైరా రబ్బరు బూట్ల మీద ఆరుతున్న బురద చూసింది. నోరు మూసుకుంది.

తరవాతి వాక్యం చదివింది. మళ్ళీ చదివింది.

"...నా మొదటి పెనిమిటి, గంపతో సూదులును రిబ్బనులును అమ్ముకొని తిరిగిన ఆంబ్రోస్ లీచ్ వలన నాకు కలిగిన ఏకైక కుమార్తె మెర్సీకి..."

పద్నాలుగేళ్ళ శనివారాలు! కెప్టెనుతో చుక్క రక్తం సంబంధం లేదు. సూదులమ్ముకునేవాడి పిల్ల. అమ్మకి ఇచ్చిన మాట... ఫారం మీద నీళ్ళ చుక్కలు పడ్డాయి.

"ఏడుస్తున్నావెందుకే?" అంది ఆల్మైరా. "నువ్వూ మెర్సీ పిల్లవేనా?"

"ఆవిడ పిల్లనే. మా అమ్మ తరఫున. కానీ కెప్టెన్—"

"వాడి ఊసు వదిలెయ్యి. ఒక గొర్రె ఇచ్చాడు, అదీ ముసలిదై ఉంటుంది. నాకు పిల్లల్లేరు. నా తరవాత ఎవరా అని పదేళ్ళనుంచి నిద్ర లేదు నాకు. బకెట్ మోస్తావా?"

గలీబు అడుగున ఇంకో కాగితం ఉంది. ఒకదాని కింద ఒకటి పేర్లు. తలో సిరా, తలో చేతిరాత. మెర్సీతో మొదలు, ఆల్మైరాతో ఆఖరు. మోసినవాళ్ళ పేర్లవి. ముసలావిడ కలం అందించింది.

లొవైనా రాసింది: లొవైనా పెక్, హానా కూతురు.

సిరా ఆరేదాకా ఆల్మైరా కాగితం మీద ఊదుతూ కూర్చుంది.

సోమవారం మీటింగుకి ముందు, పక్క గదిలో, మిసెస్ వాడమ్స్ ఆ వీలునామా చదివింది. ముఖానికి రాసుకున్న రంగు తప్ప ముఖంలో ఇంకే రంగూ మిగల్లేదు.

"ఇది... ఇంకెవరు చూశారు?"

"నేను, మిసెస్ గోఫ్."

"మిస్ పెక్... మీ దరఖాస్తు విషయంలో... ఆ గొర్రెని కమిటీ మరోసారి సానుభూతితో పరిశీలించగలదని..."

"నాకు గొర్రె వద్దండీ. నా ఫారం నాకిచ్చెయ్యండి. నేనెవరికీ చెప్పను." లొవైనా ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. "కానీ మీరూ మెర్సీ పిల్లే. మంగళవారాలు మీవి."

"ఏం మంగళవారాలు?"

లొవైనా చెప్పింది.

"మంగళవారం నాకు పేకాట ఉంటుందండీ!"

"తొమ్మిదికల్లా అయిపోతుంది కదండీ."

ఒక మంగళవారం జలుబు. ఒక మంగళవారం అల్లుడొచ్చాడు. ఒకసారి కారు కదల్లేదట. ఆరు వారాలు అలా గడిచాయి, అన్ని రాత్రులూ లొవైనాయే మోసింది. ఏడో మంగళవారం, మొదటి మంచు పడ్డ రాత్రి, మిసెస్ వాడమ్స్ ఉన్ని కోటు, ముత్యాల దండ, ఎత్తు మడమల చెప్పులతో వచ్చి, బకెట్‌ని చచ్చిన ఎలకలా పట్టుకుని చీకట్లోకి వెళ్ళింది.

ఆల్మైరా, లొవైనా వెనకింటి కిటికీ దగ్గర కప్పులు పట్టుకుని కూర్చున్నారు.

తలుపు కిర్రుమంది. టక టక టక... గిలక మూలిగింది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత అడుగులు వెనక్కి... తడబడుతూ... నిదానిస్తూ.

అధ్యక్షురాలు లోపలికొచ్చింది. బకెట్ నిండా నీళ్ళు. చుక్క తొణకలేదు. ముఖం వెలిగిపోతోంది.

"మిస్ పెక్, మీరు మంచివారు. నేను మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను. వేడివేడిగా తాగుతూ కూర్చున్నారే, అప్పుడే వెనక్కి ఎలా వచ్చేశారు?"

"ఎక్కణ్ణించండీ?"

"అదే, బావి దగ్గర్నుంచి. జారే మెట్టు దగ్గర నేను పడబోతుంటే బకెట్ రెండో పక్క పట్టుకున్నారు కదా. గుమ్మం దాకా వదల్లేదు. ఒక్క మాట, ఏమీ అనుకోకండి — మీ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. గ్లవ్స్ వేసుకోండి."

గుడ్‌నైట్ చెప్పి కారెక్కి వెళ్ళిపోయింది.

లొవైనా చేతిలో కప్పు చల్లబడింది. భయపడాలి. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కానీ ముందుగా వచ్చింది వేరే.

"ఆరు వారాలు నేను మోశాను," అంది లొవైనా. "ఒక్క రాత్రి మానలేదు. నాకు థాంక్‌ఫుల్ గారు ఒక్కసారైనా పట్టారా? అక్కడ కూడా అధ్యక్షురాలికేనా?"

"నువ్వు మొయ్యగలవు కాబట్టి పట్టలేదే పిచ్చిదానా." ఆల్మైరా బకెట్ కేసి చూస్తూ, మెల్లగా అంది. "ఎనభై నాలుగేళ్ళ దాన్ని... ఇన్నాళ్ళూ నిండు బకెట్ నేనొక్కదాన్నే మోశాననుకున్నావా?"