కొత్త పలక గీసిన కళ్ళు

అనకాపల్లి మెయిన్ రోడ్డులో మాదొక చిన్న ఫోటో స్టూడియో. కెమెరా మా ఆయన చంద్రమౌళిది, కంప్యూటర్ నాది. పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరపడం, పాత ఫోటోల మరకలు తుడవడం, బతికుండగా ఎన్నడూ పక్కపక్కన నిలబడని మొగుడూ పెళ్ళాల్ని ఒకే ఫోటోలో కలపడం, ఇదీ నా పని. 2007 వానాకాలంలో మా ఆయన విశాఖపట్నం వెళ్ళి, కంప్యూటర్లో బొమ్మలు గీసే కొత్త ట్యాబ్లెట్ ఒకటి పట్టుకొచ్చాడు. మేం దాన్ని పలక అనేవాళ్ళం. నల్లగా, నున్నగా, చపాతీ పీటంత ఉంది.

నా పాత పలక అరచేతికి కాస్త పెద్దది. గీసి గీసి మధ్యలో అరిగి తెల్లబడింది. ఎంత నొక్కినా, ఎంత వదిలినా దాని గీత ఒకటే లావు. మొండి ఘటమే గానీ, చెప్పిన పనే చేసేది.

"కొత్తది నొక్కితే లావు గీత్తాది, వదిల్తే సన్నం గీత్తాది. సెయ్యి బరువు దానికి తెలుత్తాదే," అన్నాడు మా ఆయన, తనే కనిపెట్టినట్టు.

"కొత్తొక వింత, పాతొక రోత. మీ సంగతి నాకు తెల్దేటి?" అన్నాను.

రెండింటితోనూ ఒకే మావిడాకు గీశాను. పాతదాని ఆకు రేకు కత్తిరించినట్టు వచ్చింది. కొత్తదాని ఆకులో ఈనెలు చివరికి పోయేకొద్దీ సన్నబడి మాయమయ్యాయి. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ కొత్తదే నెగ్గింది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. దీపాలు పెట్టే వేళకి పూడిమడక నుంచి కాసులమ్మ అనే ఆవిడ వచ్చింది. తడిసిన చీర, ఎండుచేపల వాసన. కొంగులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. ఆమె కొడుకు పొట్టిబాబు వేటకెళ్ళి సముద్రంలో పోయాడు. ఒడ్డుకి చేరిన శవాన్ని ఎవరో తీసిన ఫోటో అది. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగలేదట.

"రేపే పెద్దకర్మ. కళ్ళు తెరిపించమ్మా," అంది.

ఇలాంటి ఫోటోలు మాకు మామూలే. ఇంకెవరి ఫోటోలోంచో తెరిచిన కళ్ళు కత్తిరించి అతికిస్తాను. గీయను. అదొక పట్టింపు. మా నాన్న వినాయకుడి మట్టి బొమ్మలు చేసేవాడు. కళ్ళు ఆఖర్న దిద్దేవాడు. దిద్దే ముందు బొమ్మ ఎదురుగా అద్దం పెట్టేవాడు. కొత్త కళ్ళ తొలిచూపు అద్దం మీదే పడాలి, మనిషి మీద పడితే ఆ మనిషి దక్కడు అనేవాడు. అతికించిన కళ్ళతో ఆ భయం లేదు. అవి అప్పటికే లోకాన్ని చూసేసిన కళ్ళు.

ఎన్ని జతలు అతికించి చూపించినా కాసులమ్మ తల అడ్డంగా ఊపింది.

"మావోడి కళ్ళు కావమ్మా ఇయ్యి. ఆడికి ఎడం రెప్ప కొంచెం వాలుంటాది…" ఆగి, కొంగుతో నోరు నొక్కుకుంది. "ఆ రోజు ఒళ్ళు కాలతంది, ఎల్లనన్నాడు. నానే తిట్టి పంపేను. ఎల్తా ఎల్తా నాకేసి సూడనేదు. కోపం నేకుండా ఒక్కపాలి నన్ను సూత్తే సాలమ్మా."

నాకు కళ్ళు చెమర్చాయి.

"కొత్త పలకుంది కదే, గీసీ," అన్నాడు మా ఆయన.

నాన్న మాట ఇద్దరికీ చెప్పాను. ఆయన నవ్వేశాడు. "కంప్యూటర్లో బొమ్మకి తొలిచూపేటే!" కాసులమ్మ నవ్వలేదు. శ్రద్ధగా వింది.

గీయడం మొదలుపెట్టాను. ఎడమ రెప్ప కాస్త వాల్చాను. పలకతో వచ్చిన పెన్ను దాని మీద వెన్నలో వేలు పెట్టినట్టు జారింది. పాతదాంతో ఈ జన్మకి రాని గీత. ఒక కన్ను పూర్తయింది. రెండోది మొదలుపెట్టాక, గీత ఉన్నట్టుండి లావయింది.

నేను నొక్కలేదు.

చెయ్యి తేలిక చేశాను. గీత ఇంకా లావయింది. అరచేతి కింద పలక చల్లబడింది. ఎండుచేపల వాసన పోయి, పచ్చి నాచు వాసన… లోతు నీళ్ళ వాసన. పెన్ను మొనని అవతలి నుంచి ఎవరో వేలితో నెడుతున్నారు… మెల్లగా… తడుముకుంటూ.

"ఏటండీ… అద్దం… అద్దం తెండి."

పౌడర్ రాసుకునే అద్దం కోసం ఆయన లేచాడు. అప్పుడే కరెంటు పోయింది.

చీకటి. రేకుల మీద వాన. పెన్ను కింద పడేశాను. నేల మీద దొర్లిన చప్పుడు వినిపించింది. అయినా పలక మీద గీస్తున్న చప్పుడు ఆగలేదు. కర్ర్… కర్ర్…

"వచ్చేవా నాయినా?" కాసులమ్మ గుసగుస.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ మళ్ళీ తెరిస్తే ఫోటో ఉంది. నేను సేవ్ చేయలేదు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నాయి. అవి మా ముగ్గురిలో ఎవర్నీ చూడటం లేదు. కిందికి, పక్కకి… మనుషుల్ని తప్పించుకుంటున్నట్టు.

"సేవ్ సేసి మర్సిపోయుంటావ్," అన్నాడు మా ఆయన. ఈసారి నవ్వలేదు.

మర్నాడు ఫ్రేము కట్టించి పూడిమడక తీసుకెళ్ళాం. పట్టపగలు, ఇంటి నిండా జనం. "అచ్చం పొట్టిబాబే!" అన్నారు అందరూ. వాళ్ళలో ఎవరి కళ్ళలోకీ ఆ చూపు పడలేదు. నాకు కాస్త ఊపిరాడింది.

చివరికి కాసులమ్మ దీపం పట్టుకుని ఫోటో ముందుకొచ్చింది. నేను ఆమె భుజం వెనకే ఉన్నాను.

ఫోటోలో కళ్ళు మూసుకుని ఉన్నాయి.

శవం కళ్ళలా కాదు. గట్టిగా… రెప్పల పక్కన ముడతలు పడేలా బిగించి మూసుకున్న కళ్ళు. ఆ ముడతలు నేను గీసినవి కావు.

"సూడవా? అంత కోపమేటిరా?" అంది కాసులమ్మ. దీపం వణికింది. ఆమె మొహం నేను చూడలేకపోయాను. ఏదో ఒకటి చెప్పాలి.

"కోపం కాదు పిన్నీ," అన్నాను చెవిలో. "తొలిచూపు నీ మీద పడకుండా… నిన్ను కాపాడుకుంటన్నాడు."

ఆమె నాకేసి తిరిగింది. ఎంత వెలుగో ఆ మొహంలో.

"కోపం నేదా? నిజవేనా అమ్మా?"

"నిజం."

ఆమె నవ్వింది. దీపం ఇంకా దగ్గరికి తీసుకెళ్ళి, పసిపిల్లాణ్ణి లేపినట్టు, గాజు మీద చెయ్యి వేసి నిమిరింది.

"పర్లేదు నాయినా. నాకు బయం నేదు. సూడు."

రెప్పల పక్కన ముడతలు… ఒక్కొక్కటే వదులవుతున్నాయి.