మూడువందల ఇరవయ్యో ఓటు

ఆ శనివారం థార్న్‌బెక్ ఊరి మీద దిగిన పొగమంచు సంగతి చెబితే నమ్మరు గానీ, మిల్ లేన్‌లో నడిచేవాళ్ళు తమ ముక్కు ముఖం మీదే ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంటూ నడిచారు. పాలవాడు దారి తప్పి మూడు వీధుల సీసాలూ ఒకే ఇంటి ముందు పెట్టి పోయాడు. ఆ ఇంటావిడ క్రిస్మస్ దాకా బియ్యం పాయసమే వండింది. బంతి ఎక్కడుందో ఆటగాళ్ళకే కనబడదని ఒంటిగంటకే మ్యాచ్ రద్దు చేశారు.

ఓటింగు మాత్రం రద్దు చేయలేదు.

ఆ ఓటింగు స్టేడియం కోసం. థార్న్‌బెక్ ఫుట్‌బాల్ క్లబ్బు ఏ షావుకారుదీ కాదు, సభ్యులది. వాళ్ళ స్టేడియం వయసు నూట పదేళ్ళు. తూర్పు స్టాండు కింద కూర్చున్నవాళ్ళు వాన వెలిశాక కూడా రెండు రోజులు తడిసేవాళ్ళు. మగవాళ్ళ మరుగుదొడ్డి గురించి నేను చెప్పను, మీరు భోజనం చేసి ఉంటారు. పాతదాన్నే బాగుచేసుకోవాలా, ఊరవతల పెద్దరోడ్డు పక్కన కొత్తది కట్టుకోవాలా అని ఊరు ఏడాదిగా రెండు ముక్కలయింది. మంగలి కొత్తది కావాలన్నవాళ్ళకి సగం గడ్డమే గీసి పంపించేవాడు.

అక్కడ పెద్ద విషయాలు చీటీల మీద తేల్చరు. మిల్ లేన్ వైపు పక్కపక్కనే రెండు తిరిగే గేట్లున్నాయి. గేటు మనిషి కాలి కింద పెడల్ తొక్కితే ఇనప కడ్డీలు ఒక్క చుట్టు తిరిగి ఒక్క మనిషిని లోపలికి పంపుతాయి, మీటరు మీద ఒక్క అంకె పెరుగుతుంది. పాతదే కావాలనుకున్నవాళ్ళు ఎడమ గేటులోంచి, కొత్తది కావాలనుకున్నవాళ్ళు కుడి గేటులోంచి వెళ్ళాలి. మీటరు చెప్పిందే తీర్పు. తాతల నాడు జట్టు చొక్కా రంగు కూడా అలాగే తేల్చారు.

ఎడమ గేటు దగ్గర కూర్చునే మనిషి డోరీన్ ఓకెన్‌షా. డెబ్భై ఒక్క ఏళ్ళు, వాటిలో నలభై ఆ గేటు దగ్గరే. కుడి గేటు సిరిల్ టాటర్‌సాల్‌ది. ఇద్దరి మధ్యా ఒక చెక్క గోడ, దానికి పిడికిలి పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచి నలభై ఏళ్ళలో అటూ ఇటూ వెళ్ళిన టాఫీలు పేరిస్తే లండన్ దాకా వస్తాయి. చాడీలు పేరిస్తే తిరిగి ఇంటికీ వస్తాయి.

"నా కాలు తొక్కీ తొక్కీ గుమ్మడికాయంత వాచింది తల్లీ. నీ వైపు ఎవరైనా వస్తున్నారా, గేటుకి బూజు పట్టిందా?" అన్నాడు సిరిల్ కన్నంలోంచి.

"నోరు మూసుకుని టాఫీ తిను."

"కొత్త స్టేడియంలో సీట్లు కింద నుంచి వెచ్చగా ఉంటాయట. మరుగుదొడ్డికి తలుపు కూడా పెడతారట!"

"నీకెందుకయ్యా తలుపు? ఇన్నేళ్ళలో నిన్ను ఎవరు తొంగి చూశారు?"

సిరిల్ దగ్గుతూ నవ్వాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించాడు. "కోప్పడకు గానీ డోరీన్, ఉత్తరం గోల్ వెనక నేల ఈ ఏడు మళ్ళీ బెత్తెడు కుంగింది. ఎంత మట్టి పోసినా మింగేస్తోంది. ఇంజనీరు పాత బొగ్గు గని అన్నాడు. మ్యాపులో చూస్తే గనీ లేదు, గొయ్యీ లేదు. మీ నార్మన్ తిన్న మాంసం పేస్ట్రీల బరువేమో!"

డోరీన్ నవ్వలేదు. పొద్దుటి నుంచీ ఆవిడకి కుర్చీలో కుదురు లేదు. చేతిరుమాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, దాని ప్రాణం తీసింది.

ఆవిడ భర్త నార్మన్ ఉన్నది ఆ ఉత్తరం గోల్ వెనకే. ఆ ఊళ్ళో క్లబ్బు అభిమాని పోతే దహనం చేసి, ఆ బూడిదని గోల్ వెనక పచ్చిక కింద పెడతారు. సభ్యుడి అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ కూడా దాంతోపాటే పాతిపెడతారు. నార్మన్ అంకె రెండువందల పదకొండు. మోకాలు విరిగిన దగ్గర్నుంచీ ఎడమ పాదం బాతులా పక్కకి తిప్పి నడిచేవాడు. జేబునిండా పిప్పరమెంటు బిళ్ళలు. తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం గేటు మూసేశాక డోరీన్ అక్కడికి వెళ్ళి నిలబడి ఆట ఎలా జరిగిందో చెప్పేది. ఓడితే రెండు గోల్స్ కలిపి చెప్పేది.

కొత్తది కడితే ఈ స్థలం అమ్మేస్తారు. ఇక్కడ ఏ సూపర్ బజారో వస్తుంది. నార్మన్ గుండెల మీద ఎవడో కారు ఆపి బంగాళాదుంపలు కొనుక్కోడానికి వెళ్తాడు.

నాలుగయింది. డిసెంబరు కదా, అప్పటికే చీకటి. సిరిల్ రెండు గేట్ల బయటి తలుపులూ మూసి గడియలు వేశాడు. ముందుగా ఎవరూ చూడకూడదు గనక తన మీటరుకి టోపీ తగిలించాడు.

"నేను మైదానం దాటి వెళ్ళి సెక్రటరీని తీసుకొస్తా. అంకెలు ఆయన ముందే చూడాలి. ఏడుపు ఇప్పుడే మొదలుపెట్టు తల్లీ, నీదానికి నాది రెట్టింపు ఉంటుంది."

అతని చేతికర్ర చప్పుడు పొగమంచులోకి వెళ్ళిపోయింది.

డోరీన్ తన మీటరు చూసింది. మూడువందల ఏడు. సిరిల్ మాటలు చెవిలో గింగురుమంటున్నాయి. నలభై ఏళ్ళలో ఆవిడ పెడల్‌ని దొంగతనంగా ఒక్కసారి కూడా తొక్కలేదు. సొంత చెల్లెలిని కూడా ఉత్తినే లోపలికి పంపలేదు.

కానీ గోల్ వెనక ఉన్నవాళ్ళు సభ్యులు కారా? పోయినంత మాత్రాన? వాళ్ళ కింద నేల అమ్మేస్తుంటే వాళ్ళని అడగొద్దా?

"నార్మన్ ఓకెన్‌షా," అంది మెల్లగా. పెడల్ తొక్కింది. టక్.

"ఆల్బర్ట్ స్పింక్." టక్. "గ్లాడిస్ హోల్‌రాయిడ్." టక్. ఆ గ్లాడిస్ అరవై ఏళ్ళు టీ అమ్మింది, ఆ టీ తాగి బతికినవాడికి ఇంక ఏ రోగమూ రాదనేవాళ్ళు. ఒక్కొక్క పేరూ చెప్పి ఒక్కొక్కసారి పెడల్ తొక్కింది. పన్నెండు మంది. మూడువందల పంతొమ్మిది.

కాలు తీసేసింది. చెమట పట్టింది, అంత చలిలో.

మైదానం వైపు నుంచి వాసన వచ్చింది. తడి మట్టి. తవ్విన పచ్చిక. గీతలు గీసే సున్నం. ఆ వాసన వెనకే అడుగులు. సిరిల్ కర్ర చప్పుడు లేదు. మెత్తగా, బురదలోంచి ఒక్కొక్క కాలూ పీక్కుంటున్నట్టు...

"సిరిల్?"

ఆవిడ కన్నం వైపు వంగింది.

గోడ అవతల, సిరిల్ పెడల్ కిందికి దిగింది.

టక్.

డోరీన్ కన్నానికి కన్ను ఆనించింది. మీటరు మీది టోపీ కుదుపుకి కింద పడింది. మూడువందల మూడు. అంటే సిరిల్‌కి వచ్చినవి మూడువందల రెండే! వాడు ఆటపట్టిస్తూ అన్న మాటలు నమ్మి... తొక్కకపోయినా ఆవిడ ఐదు ఓట్లతో గెలిచి ఉండేది.

ఆ సంగతి మీద ఏడవడానికి తీరిక దొరకలేదు. గేటు కడ్డీలు తిరుగుతున్నాయి. కానీ... వెనక్కి తిరుగుతున్నాయి. లోపలి నుంచి బయటికి. అటు తిరక్కుండా వాటికి కొక్కెం ఉంది. కొక్కెం వేసే ఉంది.

సిరిల్ కుర్చీ ముందున్న చెక్క పలక మీద ఏదో పడింది. టంగుమని. ఇత్తడి బిళ్ళ. మట్టి అంటుకుని ఉంది.

టక్. టంగ్. టక్. టంగ్.

మనుషులెవరూ కనబడలేదు. పొగమంచు మాత్రం కడ్డీల మధ్య ఒకసారి చిక్కగా, ఒకసారి పల్చగా అవుతోంది. బయటి తలుపుకి గడియ ఉంది. గేటుకీ తలుపుకీ మధ్య ఇద్దరు పట్టే చోటు. అందులోకి అప్పటికి తొమ్మిదిమంది వెళ్ళారు... పది... పదకొండు. అక్కడ ఇరుకులో బట్టలు రాసుకుంటున్న చప్పుడు. ఎవరో గోళ్ళతో తలుపు మీద మెల్లగా గీస్తున్నారు.

కడ్డీలు ఆగాయి. మూడువందల పదమూడు.

కన్నంలోంచి పిప్పరమెంటు వాసన వచ్చింది.

"నార్మన్?" అంది ఆవిడ కన్నంలోకి. "అది కొత్తదాని గేటు, నార్మన్. నువ్వు తప్పు గేటులో..."

"తప్పు కాదు డోరీ."

ఊపిరి లేని గుసగుస అది. పచ్చిక కింద నుంచి వచ్చినట్టు.

"మమ్మల్ని ఇక్కడ ఉంచొద్దు."

"ప్రతి శనివారం నేను వస్తున్నాగా..."

"వస్తున్నావు. వింటూనే ఉన్నా. నేను చెప్పేదే నీకు వినబడదు." తర్వాత, ఇంకా చిన్నగా... "కింద ఇంకెవరో ఉన్నారు డోరీ. మాకంటే ముందు నుంచీ. కొంచెం కొంచెంగా లాక్కుంటున్నారు."

డోరీన్ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది.

"మిగతావాళ్ళనీ పిలు. పేరు పెట్టి పిలిస్తేనే రాగలం. తొందరగా."

ఆవిడ లెక్క వేసుకుంది. తన మీటరు వెనక్కి తిరగదు. నార్మన్‌తో కలిపి అవతల మూడువందల పద్నాలుగు. ఐదుగురు వస్తే సమానం. ఆరుగురు కావాలి. పిలిచింది. పెర్సీ గార్‌సైడ్. టక్. ఆయన పెళ్ళాం ఎడ్నా. టక్. బాజా వాయించే క్లిఫర్డ్... ఒక్కొక్క పేరూ గొంతులోంచి ముల్లులా బయటికొచ్చింది. ఒక్కొక్క బిళ్ళా పలక మీద టంగుమంది. ఐదుగురు.

"నువ్వు కూడా వెళ్ళు నార్మన్. ముందు వెళ్ళు."

ఎప్పుడూ అంతే ఆ మనిషి, అందరికీ దారిచ్చి ఆఖర్న వెళ్ళేవాడు. కడ్డీలు తిరిగాయి. టక్. టంగ్. మూడువందల పంతొమ్మిది.

సమానం. ఇంకొక్కరు. దూరంగా సిరిల్ కర్ర చప్పుడు వినిపిస్తోంది. డోరీన్ ఆరో పేరు కోసం నోరు తెరిచింది. పేరు ఇంకా బయటికి రాలేదు.

పెడల్ కిందికి దిగింది.

ఒక్కసారిగా కాదు. మెల్లగా... చాలా మెల్లగా... చాలా బరువైనది ఏదో కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటున్నట్టు. కడ్డీలు కిర్రుమన్నాయి. పిప్పరమెంటు వాసన పోయింది. మట్టి వాసన కూడా పోయింది. ఏ వాసనా లేదు. గేటుకీ తలుపుకీ మధ్య గోళ్ళ చప్పుడు ఆగిపోయింది. వాళ్ళు ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది... ఊపిరే లేనివాళ్ళు.

టక్.

బిళ్ళ పడిన చప్పుడు టంగుమనలేదు. మెత్తగా, ముద్దగా పడింది.

"నేను పిలవలేదు," అంది డోరీన్. "నిన్ను నేను పిలవలేదు..."

సిరిల్, సెక్రటరీ బ్రాడ్‌బెంట్ టార్చి లైటుతో వచ్చేసరికి ఆవిడ కన్నం దగ్గరే నిలబడి ఉంది. బ్రాడ్‌బెంట్ రెండు మీటర్లూ చూశాడు, పుస్తకంలో రాశాడు, చలికి అతని పళ్ళు టకటకలాడాయి.

"పాతదానికి మూడొందల పంతొమ్మిది. కొత్తదానికి మూడొందల ఇరవై."

సిరిల్ నోరు తెరిచాడు, వెక్కిరించడానికే. డోరీన్ ముఖం చూసి మూసేశాడు. "నాకు అన్ని రాలేదే..." అన్నాడు అయోమయంగా. అప్పుడే పలక మీద బిళ్ళలు చూశాడు. "ఎవరివివి? వదిలేసి పోయారా?" ఒకటి తీసి చొక్కాకి తుడిచి చూశాడు. "రెండొందల పదకొండు. డోరీన్... ఇది మన నార్మన్‌ది కాదూ?"

ఆఖరిది తీశాడు. నల్లగా, అరచేయంత ఉంది. రెండు వైపులా తిప్పాడు. అంకె లేదు.

"వెచ్చగా ఉందే," అని ఠక్కున కింద పడేశాడు.

"తలుపు తియ్యి," అంది డోరీన్.

"ముందు కూర్చో తల్లీ, మంచినీళ్ళు..."

"తలుపు తియ్యి సిరిల్!"

గడియ తీశాడు. ఇద్దరు పట్టే చోటులో ఎవరూ లేరు. తలుపు అవతల మిల్ లేన్ రాళ్ళ మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. దాని మీద అడుగులు. పదిహేడు మందివి, వరసగా, ఊరవతలి పెద్దరోడ్డు వైపు. ఆఖరి మనిషి ఎడమ పాదం బాతులా పక్కకి తిరిగి ఉంది.

ఆ వరస పక్కగా, వెంబడించినట్టు, వెడల్పాటి జాడ ఒకటి, తడి పరుపుని ఎవరో ఈడ్చుకుపోయినట్టు.

"నార్మన్!" అని అరిచింది డోరీన్. పొగమంచు ఆ అరుపుని దూదిలా మింగేసింది.

బ్రాడ్‌బెంట్ టార్చి ఎత్తి వీధి దీపం దాకా వెలుగు వేశాడు. దీపం దాటాక ఆ ఎడమ పాదం గుర్తుల మధ్య దూరం పెరిగింది. కుంటికాలితో పరుగెత్తినట్టు.

ఈడ్చిన జాడ మాత్రం అలాగే, తిన్నగా, తొందరేమీ లేనట్టు సాగింది. కొంత దూరం పోయాక ఎడమ పాదం గుర్తులు దాని కింద ఉన్నాయి.