సెలవునాడు కూడా ఊదేటోడు

చెరువు కట్టలు తెగి, పట్నంలో కాలనీలకు కాలనీలు మునిగిన వరదకు రెండేళ్ల తరువాత జరిగిన ముచ్చట ఇది.

ఆ వరదనాడే ఐలేష్ తాగుడు మానాడు. పుప్పాలగూడలో అతని కిరాయి గదిలోకి నీళ్లొచ్చి మంచం పట్టెల దాకా లేచినా అతనికి మెలకువ రాలేదు. అంత తాగి ఉన్నాడు. పక్క గదిలో ఉండే ఇశ్రాయేలు తలుపు తన్ని, అతన్ని భుజాన వేసుకుని మేడ మీదికి మోసుకుపోయాడు. తెల్లవారాక ఒక్కటే మాట అడిగాడు.

"నీళ్లు ముక్కు దాకా వచ్చినా లేవలేదయ్యా నువ్వు. ఇంకెప్పుడు లేస్తావు?"

ఇశ్రాయేలు కోస్తా మనిషి. ఒక ఆస్పత్రిలో వార్డు పని. ఒకప్పుడు తనూ తాగినవాడే. ఆదివారం సాయంత్రాలు కొండాపూర్‌లో ఒక చర్చి వెనక గదిలో తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. ఐలేష్‌ను అక్కడికి తీసుకుపోయాడు. అక్కడ డ్రైవర్లున్నారు, మెడలో ఐడీ కార్డు వేసుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఉన్నారు. అందరికీ ఒకే కెటిల్‌లోంచి టీ. అందరిదీ ఒకే కథ. ఐలేష్ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కానీ ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

ఇప్పుడతను ఆఫీసు వాళ్లను తెచ్చి దింపే క్యాబ్ నడుపుతున్నాడు. క్యాబ్‌లు ఆగే యార్డు కోకాపేటలో. బండి తీసే ముందు ప్రతి డ్రైవరూ గేటు దగ్గర మిషన్‌లో ఊదాలి. తాగి ఉంటే మిషన్ అరుస్తుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. తాగకపోతే సున్నా చూపిస్తుంది.

వానలు మొదలైన వారమే ఆ మిషన్ ఒక కొత్త సెక్యూరిటీ అమ్మాయి చేతికి వచ్చింది. పేరు రేణుక.

"ఊదన్నా."

ఐలేష్ ఊదాడు.

"అయిపాయె. నడువు."

"ఎంతొచ్చింది మేడం?"

"సున్నా."

"జర చూపెట్టుండ్రి."

"సున్నాల చూసేదానికి ఏముంటదన్నా? గుండ్రంగ ఉంటది."

వెనక లైన్లో వాళ్లు నవ్వారు. ఐలేష్ కదల్లేదు.

"చూసినంకనే పోత."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"మీ మాట మీద ఉన్నది. నా మీదనే లేదు."

రేణుక విసుగ్గా మిషన్ అతని వైపు తిప్పింది. కొత్తగా తండ్రైనవాడు ఫోన్లో బిడ్డ ఫొటో చూసుకున్నట్టు చూసుకున్నాడు ఆ సున్నాను. ఈ మనిషికి ఏదో తిక్క ఉందనుకుంది రేణుక.

మంగళవారం అతనికి సెలవు. ఆ మంగళవారం పొద్దున్నే వాన. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు ఐలేష్.

"అన్నా, ఇయ్యాల నీకు డ్యూటీ లేదు కద?"

"లేదు."

"మరి ఏంది?"

"ఊది పోత."

రేణుక అతన్ని కింది నుంచి పైకి చూసింది.

"ఇస్త్రీ అంగి. నూనె పెట్టి దువ్విన తల. పెండ్లికి పోయినట్టు తయారై ఊదనీకి వచ్చినోన్ని నిన్నే చూసిన. నాతోని ముచ్చట పెట్టనీకి ఇంతకన్న మంచి సాకు దొరకలేదా?"

ఐలేష్ చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"సాకు కాదు మేడం. నేను తాగుతుంటి. మస్తు తాగుతుంటి. ఇప్పుడు బంద్. డ్యూటీ ఉన్ననాడు ఫికర్ లేదు, స్టీరింగ్ పట్టుకుంటే దినం ఎల్లిపోతది. సెలవునాడే పరేషాన్. పొద్దుగాల ఒక సున్నా చూస్తే, పొద్దూకే దాక దాన్ని ఖరాబు చేయబుద్ధి కాదు."

గేటు పైన రేకుల మీద వాన గట్టిగా పడుతోంది. రేణుక ఈసారి ఎకసెక్కమాడలేదు. మిషన్‌కు కొత్త గొట్టం పెట్టి అతని ముందు పట్టింది. ఊదాడు. సున్నా.

"మా అన్న కూడ బంద్ చేసిన అంటడు," అంది ఆమె, వాన వైపు చూస్తూ. "అన్నప్పుడల్లా మా అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తడు. మొదట్ల నమ్మిన. ఆయన తాగుడు బంద్ చేయలే. నేనే నమ్ముడు బంద్ చేసిన."

ఐలేష్ ఊదిన గొట్టం తీసి చెత్తబుట్టలో వేశాడు.

"ఇగ నిన్ను అన్నా అని పిలువ," అంది రేణుక. "నాకు ఒక్క అన్నతోనే సాలైంది."

ఐలేష్ దిగులుగా లోపలికి పోయాడు. యార్డులో అందరికంటే పెద్ద డ్రైవరు కిష్టయ్య. చాయ్ తాగుతూ అడిగాడు, "ఏందిరా, మొఖం గట్ల పెట్టినవు?"

"తాగుతుంటినని గేటు కాడ మేడంకు చెప్పిన, కిష్టన్నా. అసహ్యమైనట్టున్నది. ఇగ నన్ను అన్నా అని కూడ పిలువదంట."

కిష్టయ్యకు చాయ్ పొలమారింది.

"ఓరి పిచ్చోడా! యార్డుల అందరిని అన్నా అంటది ఆ పిల్ల. మనుమరాలున్న నన్ను కూడ అన్నా అంటది. నిన్నొక్కన్నే పిలువ అన్నది. సంబురపడాలె గని ఏడుస్తవేందిరా?"

ఐలేష్ ఆ మాట గురించి ఆ రోజంతా ఆలోచించాడు. వేరే ఆలోచనలేవీ దగ్గరికి రాలేదు.

ఆ వానాకాలం మంగళవారాలన్నీ అట్లాగే గడిచాయి. అతను రావడం, ఆమె గొట్టం మార్చి సిద్ధంగా ఉండడం. తరువాత తరువాత ఫ్లాస్కులో చాయ్ కూడా సిద్ధంగా ఉండేది. మేడం అనే పిలుపు పోయి రేణుక మిగిలింది.

"ఇప్పటికి కూడ తాగబుద్ధి అయితదా?" అని అడిగింది ఒకసారి.

"అయితది."

"అయితే ఏం చేస్తవు?"

"ఇశ్రాయేలన్నకు ఫోన్ చేస్త. ఆయన ఎత్తకుంటే బండి కడుగుత."

"మొన్న నీ బండి అద్దం లెక్క మెరుస్తుండె."

"మొన్న ఆయన ఎత్తలే."

రేణుక నవ్వింది. నవ్వుతూనే అతని వైపు ఒక రకంగా చూసింది. అబద్ధం ఎక్కడుందో వెతికే చూపు అది. వెతికే అలవాటు అంత తొందరగా పోదు. ఐలేష్‌కు అది తెలుసు. కానీ ఆ చూపు పోయే రోజు ఒకటి రావాలని అతని ఆశ. ఉద్యోగం కన్నా, ఇంక దేనికన్నా అదే పెద్ద ఆశ.

వానలు తగ్గుతున్న రోజుల్లో, ఒక సోమవారం తెల్లవారుజామున ఐలేష్‌కు కల వచ్చింది. పాత గది, మోకాళ్ల దాకా నీళ్లు, నీళ్ల మీద తేలుతూ ఒక గ్లాసు. కలలో తీసుకుని తాగేశాడు. లేచేసరికి నోరంతా చేదు. సిగ్గేసి ఇశ్రాయేలుకు చెప్పలేదు. మొఖం కడుక్కుని డ్యూటీకి వచ్చాడు.

లైన్లో అతనే మొదటివాడు. ఐలేష్ పాత తాగుడు సంగతి తెలిసిన ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ నితీష్ అక్కడే నిలబడి ఉన్నాడు. చేతులకు రాసుకునే శానిటైజర్ కొత్త డబ్బా ఒకటి తెచ్చి, మిషన్‌ను కూడా దాంతోనే తుడవమని రేణుకకు చెప్పాడు. ఆమె బాగా తుడిచి ముందుకు పట్టింది. ఐలేష్ ఊదాడు.

మిషన్ అరిచింది. ఎర్ర లైటు వెలిగింది.

"నేను అనుకుంటనే ఉన్న," అన్నాడు నితీష్. "ఎన్ని రోజులు ఆగుతవు నువ్వు? కీస్ ఇటివ్వు. ఇవాళ్టి నుంచి డ్యూటీ క్లోజ్."

"తాగలేదని ఒట్టు పెట్టురా!" అని వెనక నుంచి అరిచాడు కిష్టయ్య.

ఐలేష్ నోరు తెరిచాడు. ఒట్టు రాలేదు. నితీష్‌ను కాదు, రేణుకను చూసి చెప్పాడు.

"రాత్రి కలల తాగిన."

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నిజంగ తాగలే. తాగలేదనే అనుకుంటున్న. కని మిషన్ అరిచింది కద, నాకే భయమైతున్నది."

రేణుక అతని మొఖంలోకి చూసింది. ఆమె ఒట్లు చాలా విన్నది. తల మీద చెయ్యి పెట్టిన ఒట్లు, దేవుని పటం ముందు ఒట్లు. తన మీద తనకే నమ్మకం చాలడం లేదని ఒప్పుకున్నవాడిని మాత్రం ఇతన్నే చూసింది. మెల్లగా కొత్త గొట్టం తీసింది. మిషన్‌కు పెట్టింది. తన నోటికి పెట్టుకుని ఊదింది.

మిషన్ అరిచింది.

"సార్, పొద్దుగాల నుంచి నేను చాయ్ కూడ తాగలే," అంది. "నా డ్యూటీ కూడ క్లోజా?"

"ఏందిది? ఇటివ్వు," అని నితీష్ లాక్కుని, గొట్టం మార్చి తనూ ఊదాడు. ఇంకా గట్టిగా అరిచింది.

"సారూ, మీ కీస్ కూడ ఇయ్యుండ్రి!" అన్నాడు కిష్టయ్య. యార్డంతా నవ్వు.

రేణుక మిషన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మీ డబ్బ సార్. దాన్నిండ స్పిరిటే ఉన్నది. మిషనే తాగింది, మనం కాదు."

పొడిగుడ్డతో తుడిచి, కాసేపు గాలికి పట్టి, అతని ముందు పెట్టింది. "ఊదు."

సున్నా. అతను అడగకముందే మిషన్ అతని వైపు తిప్పింది.

మొదటి ట్రిప్పు దింపగానే ఐలేష్ ఇశ్రాయేలుకు ఫోన్ చేసి కల సంగతంతా చెప్పాడు. ఇశ్రాయేలు నవ్వాడు.

"నాకు మొన్న కూడా వచ్చిందయ్యా ఆ కల. మానేసి పన్నెండేళ్లు. లేచి మంచినీళ్లు తాగి పడుకున్నాను. కల వస్తే నాకు చెప్పాలి. అందుకే కదటయ్యా నేనున్నది?"

సాయంత్రం బండి అప్పజెప్పి గేటు దగ్గరికి వచ్చాడు. రేణుక డ్యూటీ దిగి, బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"ఎందుకు నమ్మినవు?" అని అడిగాడు.

"నువ్వు ఒట్టు పెట్టలే. అందుకు."

ఐలేష్ చెప్పుల వైపు చూస్తూ అన్నాడు.

"ఎప్పటికి కూడ పెట్టలేను, రేణుకా. నేను ఇయ్యాల్టి సంగతే చెప్పగలుగుత. రేపటిది రేపు చెప్త. గసొంటోడు నీకు కావాల్నా?"

"దినాం పొద్దుగాల చెప్తవా?"

"చెప్త."

"అయితే కావాలె," అంది రేణుక. అనేసి, బ్యాగు జిప్పు తెరిచి మళ్లీ మూసింది. "రేపు మంగళవారం. గేటు కాడికి రాకు. నేను కూడ సెలవు పెట్టిన."

"మరి ఊదుడు?"

"మా ఇంటికి రా. కొండాపూర్ల, నీళ్ల ట్యాంకు ఎనుక గల్లి. మా అమ్మ కనకమ్మ ముక్కు ముందట ఈ మిషన్ ఏ మూలకు? అన్న తాగొచ్చి గల్లి మొగదల ఉంటెనే వాసన పట్టేస్తది. నిన్ను కూడ వాసన చూసినంకనే మాట్లాడుతదంట."

మరునాడు పొద్దున ఐలేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నీళ్ల ట్యాంకు వెనక గల్లీకి పోయాడు. కనకమ్మ తలుపు తీసింది. ఆమె వెనక రేణుక నవ్వు ఆపుకుంటూ నిలబడి ఉంది. ఐలేష్ చెప్పులు విడిచి, దండం పెట్టి, కనకమ్మ మొఖం ముందుకు వంగి, గట్టిగా ఊదాడు.