గని గట్టున చదివిన కవిత

ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చి, అన్నాలు తిన్నాక మహిమ పుస్తకం తీసింది. కడపలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చింది. కాలేజీ తెరవగానే క్లాసులో ఒక ప్రకృతి కవితను విశ్లేషించాలి.

"నీళ్లకు ఎదురుగా నిలబడి చదివితేనే కవిత మనసు తెలుస్తాదంట. మా మేడం చెప్పింది."

"బేతంచెర్లలో నీకు వాగు యాడ తెచ్చేది?" అంది తల్లి ప్రసన్నకుమారి. "ఉండేదంతా రాతి దుమ్మే."

"మూసేసిన గనిలో నీళ్లుండాయి కదమ్మా."

ప్రసన్నకుమారి కూడా బయల్దేరింది. ఊరికే కాదు. ఆ నాపరాళ్ల గని గట్టున ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పని సాగిన రోజుల్లో కూలీలు రాయి మీద రాయి తట్టి పిలుచుకునేవాళ్లు. పిలిచిన పేరును గుంత తన దగ్గరే పెట్టుకుంటుందని ఆమె మొగుడు చెప్పేవాడు.

ఎండ వాలుతోంది. కింద నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. తడిసిన సున్నం వాసన. మహిమ చదివింది. మంచు, పూలు, నురగ, వాగు ఒడ్డున చెలి కోసం ఎదురుచూపు. చదివిన ప్రతి పాదాన్నీ గుంత తిరిగి అప్పజెప్పింది.

"చూడమ్మా, పదచిత్రాలన్నీ వెలుగే. గొంతులో మాత్రం దిగులు. చెలి రాదని కవికి తెల్సు. తెలిసే పిలుస్తాండాడు."

"రాని మనిషిని పిల్చేదేంది, పని లేక."

మహిమ నవ్వుతూ అంచుకు జరిగింది. కాలి కింద రాతిపొర కదిలింది.

"మహిమా..."

అరిచేశాక ప్రసన్నకుమారి నోరు మూసుకుంది. ఆలస్యమైపోయింది.

చెవులు రిక్కించి విన్నది. గుంత ఆ పేరును తిరిగి ఇవ్వలేదు...

కూతురి చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి లాక్కొచ్చింది.

చీకటి పడుతుండగా వాకిట్లో లారీ ఆగింది. పక్కింటి హనుమేష్ క్యాబిన్లోంచి వంగి మెల్లగా అన్నాడు.

"అక్కా, పాపను గని కాడ ఒంటిగా ఇడిసిపెట్టి వచ్చినావేంది? ఏందో చదువుతాండాది. మధ్యలో అమ్మా అని ఏడుస్తాండాది. నేను రమ్మంటే రాలే. నువ్వే వచ్చి పిలవాలంట."

ప్రసన్నకుమారి వెనక్కి తిరిగింది. మహిమ పీట మీద కూర్చుని సంగటి తింటోంది.

ఆమె ఒక చెప్పు తొడిగింది. రెండోదానికి కాలు లేవలేదు...

"పోవద్దమ్మా," గుసగుసగా అంది మహిమ. "ఆడుండేది నేను కాదు. నాకు భయమైతాండాది."

మాటలన్నీ భయమే. గొంతు మాత్రం... పసిబిడ్డను జోకొడుతున్నంత తీయగా ఉంది.