టకటక బీట్‌లో నాన్న కూనిరాగం

"దబ్!"

అక్క తలుపు వేసింది. టకటక కళ్లు మూసుకుని విని, "ఇంకోసారి అక్కా! కాస్త గట్టిగా!" అంది.

ఆ పిల్లను అసలు పేరుతో పిలిచేది బళ్లో టీచర్లే. బల్లయినా గోడయినా, ఆఖరికి అమ్మ వీపైనా సరే, కనబడితే చాలు వేళ్లతో వాయించేస్తుంది. అందుకే మిగతా అందరికీ టకటక.

అక్కంటే పెద్దమ్మ కూతురు. హిప్-హాప్ పాటలకు బీట్లు చేస్తుంది. టకటక వెంటపడి వేధించగా వేధించగా, ఆ రోజు నేర్పడానికి ట్యాబ్ పట్టుకుని వచ్చింది.

"ఈ దబ్ మన కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ. ఇందాక గిన్నె మీద చెంచాతో కొట్టావే, అది స్నేర్, చిన్న డ్రమ్ము దెబ్బ. రెంటినీ కలిపి మళ్లీ మళ్లీ తిప్పితే లూప్. ఇక మధ్యమధ్యలో సన్నగా వినబడేది ఒకటి కావాలి. వెతుక్కో పో," అంది అక్క. ట్యాబ్ కూడా కొన్నాళ్లు ఉంచుకోమని ఇచ్చి వెళ్లింది.

అంతే, టకటకకు ఇల్లు ఇల్లులా కనబడడం మానేసింది. కుళాయి చుక్క ఓ మాట చెబుతోంది. ఫ్యాను దానికి ఊఁ కొడుతోంది. కర్టెన్ రింగులు కిలకిలా నవ్వుతున్నాయి. చప్పుళ్లన్నీ దూదిపింజల్లా గాలిలో తేలుతుంటే, వాటి వెనకాలే తానూ తేలుతున్నట్టుంది.

"ఏ లోకంలో ఉన్నావే? పిలుస్తుంటే పలకవేం?" అని అమ్మ కేకేసింది. ఎవరు వింటారు?

సాయంత్రం నాన్న తన యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. టకటక వెళ్లే స్కూలు బస్సుకు ఆయనే డ్రైవరు. మనిషి చూస్తే తలుపంత ఉంటాడు గానీ, నలుగురిలో నోరు విప్పాలంటే మహా సిగ్గు.

ఇస్త్రీపెట్టె ఆవిరి వదిలింది. "స్స్... స్స్..."

టకటక ఎగిరి గంతేసింది. తనకు కావలసిన సన్నటి చప్పుడు అదే! కర్టెన్ వెనక నక్కి, ట్యాబ్‌లో రికార్డ్ చేసే ఎర్ర బటన్ నొక్కింది.

అప్పుడు వినబడింది, ఆవిరి మీదుగా నాన్న కూనిరాగం. "మ్మ్... మ్మ్మ్..." ఎవరైనా గదిలోకి వస్తే ఆయన గొంతు సవరించుకుని ఆపేస్తాడు. ఇప్పుడు ఒక్కడే ఉన్నాననుకుని హాయిగా పాడుకుంటున్నాడు.

టకటక అందులో చిన్న ముక్క కత్తిరించింది. వేగం పెంచింది. నాన్న గొంతు కాస్తా పిచ్చుకపిల్ల గొంతైపోయింది! ఎంత ముద్దుగా ఉందో! నాన్నను అడగాలని ఆ పిల్లకు తట్టనే లేదు. గాలిలో తిరిగే చప్పుడే కదా అనుకుంది.

మర్నాడు బస్సులో పిల్లలందరూ చుట్టూ మూగారు. "పెట్టవే, పెట్టవే!"

పెట్టింది. దబ్, టింగ్, స్స్ స్స్. తలలు ఊగాయి. కాళ్లు ఆడాయి. బస్సంతా ఊయలలా అయింది. అంతలో పిచ్చుక గొంతు వచ్చింది.

"అబ్బో, ఎవరిదే ఈ గొంతు? జలుబు చేసిన పిల్లిలా ఉంది!" అంది ముందు సీటు సోడాబుడ్డి, కళ్లద్దాలు సర్దుకుంటూ. అందరూ పగలబడి నవ్వారు.

"పిల్లీ కాదు, ఏమీ కాదు! మా నాన్న! ఇస్త్రీ చేస్తూ పాడుకున్నాడు," అనేసింది టకటక గొప్పగా.

"డ్రైవరంకులా? అంకుల్, ఒక్కసారి పాడండి అంకుల్!" అంటూ అందరూ మ్యావ్ మ్యావ్‌మని రాగం తీశారు.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అద్దంలో టకటకను ఒక్కసారి చూశాడు. "కూర్చోండమ్మా, మలుపొస్తోంది," అన్నాడు.

ఆ సాయంత్రం ఇస్త్రీపెట్టె స్స్‌మంది. నాన్న మాత్రం పాడలేదు. ఆ మర్నాడూ పాడలేదు. టకటక కర్టెన్ వెనక నిలబడి ఎంతసేపు ఎదురుచూసినా లాభం లేకపోయింది. చేతిలో ట్యాబ్ ఉంది, అందులో నాన్న గొంతు ఉంది. అది వింటే ఇప్పుడు ముద్దు రావడం లేదు, ఏడుపొస్తోంది.

బీట్‌లోంచి ఆ ముక్క తీసేసి నాన్న దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, నీ పాట తీసేశాను. నిన్ను అడక్కుండా అందరికీ వినిపించాను. తప్పయిపోయింది."

నాన్న ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "పాడడం మానింది వాళ్లు నవ్వినందుకు కాదు తల్లీ. అది నాకోసం నేను పాడుకునేది. ఇప్పుడు ఎవరో వింటున్నారేమో అనిపించి, గొంతు పెగలడం లేదు."

టకటక భోరుమంటూ ఆయన చొక్కాలో ముఖం దాచుకుంది.

"ఓసి పిచ్చిదానా! ఇది ఇప్పుడే ఇస్త్రీ చేసి వేసుకున్నానే!" అన్నాడు నాన్న, తల నిమురుతూ.

"మరి... ఆ స్స్ స్స్ ఉంచుకోనా నాన్నా?"

"అది నాది కాదుగా. పెట్టెనే అడుగు," అని నవ్వాడు.

మళ్లీ సెలవు రోజు వచ్చింది. కిటికీలోంచి ఎండ మెత్తగా నేల మీద పరుచుకుంది. టకటక చెంచా చప్పుళ్లు రికార్డ్ చేసుకుంటోంది. పక్క గదిలో ఆవిరి స్స్‌మంది. కాసేపటికి చాలా మెల్లగా, "మ్మ్..."

టకటక ఊపిరి బిగబట్టింది. ట్యాబ్‌లో ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. బటన్ నొక్కి ఆపింది. అప్పటికే పడిన ఆ కాస్త రాగాన్నీ చెరిపేసింది.

పాట ఆగింది. "ఏమే, అది గానీ నడుస్తోందా?" అన్నాడు నాన్న లోపలినుంచి.

"లేదు నాన్నా, ఆపేశాను. బయటికి వెళ్లిపోనా?"

ఇస్త్రీపెట్టె మరోసారి స్స్‌మంది.

"అక్కర్లేదులే. ఉండు."

రాగం మళ్లీ మొదలైంది. టకటక బల్ల మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. తాను కత్తిరించిన ముక్క వచ్చి, దాటిపోయింది. పాట మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. అది అంత పెద్ద పాటని టకటకకు ఆ రోజే తెలిసింది. చివరిదాకా విన్నది.